కమ్మరి పనిలోకి ఏ దారిన వెళ్లాలి: శిష్యరికమా, కోర్సా, వెల్డింగా, ఫ్యాక్టరీయా, సొంత కొలిమా?

కమ్మరం నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎక్కడ నేర్పుతారు?" అని. ఆ ప్రశ్న రెండోది. మొదటిది: నేర్చుకున్నాక ఏం చేసి అమ్ముతారు? గేట్లు, మెట్ల కమ్మీలు చేసేవాళ్లున్నారు. కత్తులు చేసేవాళ్లున్నారు. గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్లు, ఉలులు, గొడ్డళ్లు చేసేవాళ్లు, పాత కట్టడాల ఇనుప పని బాగుచేసేవాళ్లు, ఫోర్జింగ్ ఫ్యాక్టరీలో పెద్ద సుత్తి మెషీన్ నడిపేవాళ్లు ఉన్నారు. అందరిదీ కాలిన ఇనుముతోనే పని, కానీ రోజు గడిచే తీరు ఒకరిది ఒకరికి పోలిక ఉండదు. గేట్లు చేసేవాడి వారంలో కొలతలు, వెల్డింగ్, గ్రైండింగ్, రంగు, బిగింపు పోగా కొలిమికి మిగిలే సమయం కొంచెమే. కత్తులు చేసేవాడు సుత్తి కంటే బెల్టు గ్రైండర్ దగ్గరే ఎక్కువసేపు నిలబడతాడు. నాడాలు కొట్టేవాడికి ఇనుము ఎంత తెలియాలో గుర్రం కాలు అంతకంటే ఎక్కువ తెలియాలి. ఏ సరుకు అమ్మాలో తేలితే దారులు సగం వాటంతటవే రాలిపోతాయి.

మిగిలిన వాటిని తూచడానికి సర్టిఫికెట్ కంటే, ఫీజు కంటే పనికొచ్చే కొలమానం ఒకటుంది.

చేతికి ఎన్ని కాకలు పడతాయి?

ఇనుమును ఒకసారి కాల్చి, బయటికి తీసి, చల్లారేలోపు కొట్టిన పనిని ఒక కాక అనుకుందాం. 12 మి.మీ. చదరపు కడ్డీ కొన మంచి బొగ్గు మంటలో నారింజ రంగుకు రావడానికి 2, 3 నిమిషాలు పడుతుంది. బయటికి తీశాక దెబ్బ సరిగ్గా పనిచేసేది 15, 20 సెకన్లే. అటూ ఇటూ కలిపి కాకకు 4 నిమిషాలు వేసుకుంటే గంటకు 15, ఆరు గంటలకు 90 కాకలు.

ఈ లెక్కతో రెండు రోజుల వారాంతపు తరగతిని చూడండి. కాగితం మీద 180 కాకలు. అందులో సగం సమయం గురువు చేసి చూపించడానికే పోతుంది, మిగిలేవి 90. ఇద్దరికి ఒకటే దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మె) అయితే మీ వాటా 45. ఆ తరగతి వల్ల ఉపయోగం లేదని కాదు. అది దేనికి సరిపోతుందో, దేనికి సరిపోదో తెలియాలని. చెయ్యి కుదరాలంటే కాకలు వేలల్లో పడాలి.

ఒంటరిగా వేసిన వెయ్యి కాకలూ, పక్కన తెలిసినవాళ్లు నిలబడి చూస్తుండగా వేసిన వెయ్యి కాకలూ ఒకటి కావు. కడ్డీ కొనను మొనగా సాగగొట్టడం చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఇది అందరికీ మొదటి పాఠమే. కొత్తవాళ్లు కొనకు రెండంగుళాలు వెనక నుంచి కొట్టుకుంటూ ముందుకు వస్తారు. పైపొర సాగినంతగా లోపలి ఇనుము సాగదు. కొన మధ్యలో గుంటపడి చేప నోరులా తెరుచుకుంటుంది. దాన్ని అలాగే కొడితే నోరు మూసుకుని లోపల మడతగా మిగిలి, చివరికి అక్కడే చీలుతుంది. సరైన పద్ధతి ఇది: బాగా వెలిగే నారింజ రంగులో కడ్డీ కొనను దాగలి అవతలి అంచు మీద పెట్టి, పట్టుకున్న చెయ్యి కాస్త పైకెత్తి, సుత్తి ముఖాన్నీ అదే వాలుకు వంచి, ముందు పొట్టి మొద్దు మొన చేయాలి. తరవాత ఆ వాలును వెనక్కి పొడిగించుకుంటూ పోవాలి. కడ్డీని 90 డిగ్రీలు ఇటు, మళ్లీ 90 డిగ్రీలు అటు తిప్పాలి తప్ప గుండ్రంగా తిప్పుకుంటూ కొట్టకూడదు. గుండ్రటి మొన కావాలన్నా ముందు నాలుగు పలకలు, తరవాత ఎనిమిది పలకలు, ఆఖరున గుండ్రం. మొదటి నుంచీ గుండ్రంగా కొడితే లోపలి గుజ్జు నిలువునా చీలిపోతుంది. ఎరుపు మసకబారగానే ఆపి మళ్లీ మంటలో పెట్టాలి.

చూసేవాళ్లుంటే "వెనక చెయ్యి ఎత్తు" అన్న ఒక్క మాటతో ఇది సర్దుకుంటుంది. ఎవరూ లేకపోతే ఇరవై మొనలు చీలాక గానీ కారణం తట్టదు. అందుకే ఏ దారినైనా రెండు ప్రశ్నలతో చూడండి: వారానికి నా చేత్తో ఎన్ని కాకలు? అందులో ఎన్నింటిని తప్పు పట్టేవాళ్లు చూస్తారు?

పని జరిగే కొలిమిలో శిష్యరికం

ఈ రెండు ప్రశ్నలకూ మంచి జవాబు ఇక్కడే దొరుకుతుంది, కొలిమి మంచిదైతే. మొదటి నెలల్లో మంట రాజేయడం, చిట్టెం (బొగ్గు కాలాక మిగిలే గడ్డ) తీయడం, కడ్డీలు కోయడం, గ్రైండింగ్, సమ్మెట వేయడం ఉంటాయి. సమ్మెట వేయడాన్ని చాకిరీ అనుకోకండి. కమ్మరి చిన్న సుత్తితో చోటు చూపిస్తాడు, మీ సమ్మెట పోటు అక్కడే పడాలి. సుత్తి దాగలి మీద తడితే ఆపాలి. ఇనుము ఎప్పుడు సాగుతుంది, ఎప్పుడు మొరాయిస్తుంది అన్నది ముందు భుజానికి తెలుస్తుంది, బుర్రకు తరవాత.

చెడిపోయేది ఎక్కడంటే, ఏడాది గడిచినా శిష్యుడు గ్రైండర్ దగ్గరే ఉండిపోవడం. ఆర్డర్లు నెత్తిమీదున్నప్పుడు యజమానికి గ్రైండింగ్ చేసేవాడే కావాలి, నేర్చుకునేవాడు కాదు. అందుకే చేరేముందే కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్నున్నాయి: ఎన్ని నెలలు, జీతం ఎంత, గాయమైతే ఖర్చు ఎవరిది, సొంతంగా కొలిమి ముందు నిలబడే గంటలు వారానికి ఎన్ని. ఆఖరిది అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. నాలుగో నెల నుంచి వారానికి కనీసం ఆరేడు గంటలు ఉండాలి. అదీ కుదరదంటే అది శిష్యరికం కాదు, సహాయకుడి ఉద్యోగం. ఉద్యోగంగా చేరితే తప్పులేదు, తెలిసి చేరండి.

కొలిమి మంచిదో కాదో చూడటానికి పటకార్లు వేలాడే చోటు చూడండి. రకరకాల మందాలకు, గుండ్రాలకు, పలకలకు సరిపడా ఇరవై ముప్పై పటకార్లు, అందులో చాలావరకు అక్కడే చేసినవి కనిపిస్తే అక్కడ నిజంగా ఇనుము కొడుతున్నారు. నాలుగే పటకార్లుండి, మూలన కొనుక్కొచ్చిన పోత పూలు, రెడీమేడ్ చుట్టలు గుట్టగా ఉంటే అది వెల్డింగ్ షాపు. అక్కడ నేర్చుకోవచ్చు, కానీ కమ్మరం కాదు.

జర్మనీలో దీనికి గట్టి చట్రం ఉంది. అక్కడ లోహపు పని శిక్షణ మూడున్నరేళ్లు. కొన్నాళ్లు షాపులో, కొన్నాళ్లు బడిలో. అది ముగిశాక, పాత ఆచారం పాటించాలనుకునేవాళ్లు మూడేళ్ల మీద ఒక రోజు పాటు సొంత ఊరికి 50 కిలోమీటర్ల దరిదాపుల్లోకి రాకుండా షాపు నుంచి షాపుకు తిరుగుతూ పనిచేస్తారు. చాదస్తంగా అనిపిస్తుంది గానీ, శిష్యరికానికున్న పెద్ద లోపానికి అదే మందు. ఆ లోపం ఒకే గురువు, ఒకే పద్ధతి. గురువు రెండో పద్ధతిని ఎన్నడూ చూడకపోతే శిష్యుడికీ అది కనబడదు. పదును పెట్టడం, అంటే ఉక్కును కాల్చి ముంచి గట్టిపరచడం, రంగు చూసి వస్తుంది గానీ ఎందుకో తెలియదు. బొమ్మ గీసి కస్టమరుకు చూపించడం రాదు. ధర ఎలా కట్టారో గురువు చెప్పడు. అందుకే రెండేళ్ల తరవాత వేరే కొలిమికి మారడం నమ్మకద్రోహం కాదు. మంచి గురువులు వాళ్లే పంపిస్తారు.

ఫుల్‌టైమ్ కోర్సు

ఏడాది నుంచి మూడేళ్ల వరకు ఉంటాయి. ఇంగ్లండ్‌లో హెర్‌ఫర్డ్ దగ్గరి హోమ్ లేసీ కాలేజీ ఇందులో పేరున్నది. అక్కడ కమ్మరంలో ప్రాథమిక కోర్సు నుంచి డిగ్రీ దాకా నేర్పారు. ఇలాంటి చోట శిష్యరికంలో దొరకనివి దొరుకుతాయి: డ్రాయింగ్, లోహశాస్త్రం, వెల్డింగ్, డిజైన్, పవర్ హ్యామర్‌ను భయం లేకుండా వాడటం, తప్పు చేసే స్వేచ్ఛ. పాడైన కడ్డీ కాలేజీది, కస్టమరుది కాదు.

దొరకనిది వేగం. కాలేజీలో ఒక జత పటకార్లు రెండు రోజులు తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు. షాపులో అదే పని ఒక పూటలో అయిపోవాలి. కోర్సు అయ్యాక మొదటి ఉద్యోగంలో చాలామందికి తగిలే దెబ్బ ఇదే. పని రాక కాదు, గిట్టుబాటయ్యే వేగం లేక.

చేరేముందు ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి టైమ్‌టేబుల్ అడగండి. వారంలో కొలిమి గంటలు ఎన్ని? ఒక్కొక్కరికి ఒక దాగలి ఉందా? మూడు నెలలకల్లా విద్యార్థులు తమ పటకార్లు తామే చేస్తున్నారా? కొలిమి అతుకు, అంటే వెల్డింగ్ మెషీన్ లేకుండా మంటలోనే రెండు ముక్కలు కలపడం, మొదటి ఏడాదిలో ఉందా? ఈ నాలుగింట్లో రెండింటికైనా నసిగితే ఆ కోర్సు కమ్మరం పేరు పెట్టుకున్న శిల్పకళ కోర్సు కావచ్చు. మీకు కావాల్సింది శిల్పమైతే చేరండి.

పొట్టి కోర్సులు, సొంత కొలిమి

ఉద్యోగం మానలేనివాళ్లకు, ఇల్లు వదల్లేనివాళ్లకు మిగిలే దారి ఇదే. ఎక్కువమంది వచ్చేదీ ఇటే. అమెరికాలో నార్త్ కరోలినాలోని జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్ (1925లో మొదలైంది) లాంటి చోట్ల వారం రోజుల తరగతులుంటాయి. రెండు రోజుల తరగతి కంటే వారం తరగతి మూడింతల విలువ చేస్తుంది. రెండో రోజు చేతులు నొప్పెడతాయి, మూడో రోజు నుంచే మాట వింటాయి.

సామాను విషయంలో అందరూ దాగలి దగ్గరే ఆగిపోతారు. 50, 70 కిలోల దాగలి దొరికితే మంచిదే. దొరకలేదని ఏడాది ఆగడం మాత్రం తెలివితక్కువ. రైలు పట్టా ముక్కను నిలువుగా నిలబెట్టి, కింద బరువైన దుంగకు గట్టిగా బిగిస్తే దెబ్బ కింద బరువంతా ఒకే చోట ఉంటుంది. పడుకోబెట్టిన పట్టా కంటే అది చాలా నయం. దాగలి ముఖం మీరు నిటారుగా నిలబడి పిడికిలి వేలాడేస్తే తగిలే ఎత్తులో ఉండాలి. సుత్తి 900 గ్రాముల నుంచి ఒక కిలో దాకా చాలు. కిలోన్నర సుత్తితో మొదలుపెట్టినవాళ్లు మోచేయి నొప్పితో ఆగుతారు. దానికి సగం కారణం బరువు, మిగతా సగం పిడి గట్టిగా బిగించి పట్టుకోవడం. దెబ్బ తగిలే క్షణంలో వేళ్లు వదులుగా ఉంటే సుత్తి తనంతట తానే పైకి లేస్తుంది, ఎత్తే కష్టం తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కడ్డీకి సరిగ్గా అమరే పటకారు. దవడలు కడ్డీని పొడవునా పట్టాలి. మొనల దగ్గరే పట్టి వెనక సందు ఉంటే మూడో దెబ్బకు కడ్డీ ఎగురుతుంది. సరైన పటకారు లేకపోతే కడ్డీని 60, 70 సెం.మీ. పొడవుంచి చేత్తోనే పట్టుకుని పనిచేసి, చివర్లో కోయడం మేలు.

ఒంటరిగా పనిచేసేవాళ్లు ప్రాణం మీదకు తెచ్చుకునే తప్పులు కొన్ని ఉన్నాయి. జింకు పూత ఉన్న ఇనుము కొలిమిలో పెట్టడం మొదటిది. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కొలిమి వేడి అంతకు మించే ఉంటుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తరవాత చలిజ్వరం పట్టుకుంటుంది. రెండోది, రెండు వైపులా మూసిన గొట్టాన్ని కాల్చడం. లోపలి గాలి, తేమ వ్యాకోచించి పేలుతుంది. మూడోది, మూసిన గదిలో గ్యాస్ కొలిమి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి మొదలయ్యేసరికే ఆలస్యం. ఎర్రటి ముక్కను సిమెంటు నేల మీద పడేయడం చిన్న తప్పులా కనిపిస్తుంది గానీ, సిమెంటులోని తేమ ఆవిరై పెచ్చులు కళ్లదాకా ఎగురుతాయి. చెవులకు రక్షణ తొలిరోజు నుంచీ ఉండాలి. మోగే దాగలి పక్కన పోయిన వినికిడి తిరిగి రాదు. దాగలికి గొలుసు చుట్టినా, దాని నడుము దగ్గర అయస్కాంతం అంటించినా మోత బాగా తగ్గుతుంది.

ఇక నేర్చుకునే వరస. 1973లో మొదలైన ఉత్తర అమెరికా ఆర్టిస్ట్ బ్లాక్‌స్మిత్ సంఘం, అందరూ 'అబానా' అనేది, చేతి సుత్తి పనికి మెట్టుమెట్టుగా పాఠ్యక్రమం తయారుచేసింది. సాగగొట్టడం, లావెక్కించడం, వంచడం, మెలిపెట్టడం, కన్నం పొడవడం, చీల్చడం, కొలిమి అతుకు. వీడియో చూసి నచ్చిన వస్తువు మీద దూకే బదులు ఆ వరస పట్టుకుంటే ఏడాది కలిసొస్తుంది. కత్తితో మొదలుపెట్టడం మాత్రం వద్దు. కత్తి చేయాలంటే ఉక్కు రకం తెలియాలి, పదును తెలియాలి, గ్రైండింగ్ రావాలి. మూడింటిలో ఏది తప్పినా మూడూ పోతాయి, ఏది తప్పిందో కూడా తెలియదు. మొదటి ఆరు నెలలు మెత్తటి ఇనుముతో కొక్కేలు, మేకులు, ఉలులు పెట్టుకునే స్టాండ్లు చేయండి. అదీ ఒక్కోటి కాదు. ఒకే కొలత కొక్కేలు పది చేయండి. పదోది మొదటిదానితో సరితూగితే అప్పుడు వేరేదానికి వెళ్లండి.

తప్పు పట్టే కన్ను లేకపోవడమే ఈ దారికి లోపం. దాన్ని కొంతవరకు పూడ్చుకోవచ్చు. మూడు నెలలకోసారి మీరు పాడుచేసిన ముక్కలు సంచిలో వేసుకుని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. బాగా వచ్చినవి తీసుకెళ్తే మెచ్చుకుంటారు, అంతే. విరిగినచోటు చూపిస్తే కారణం చెబుతారు.

ముందు వెల్డింగ్, తరవాత కొలిమి

తొందరగా సంపాదన కావాల్సినవాళ్లకు మా సలహా ఇదే, కమ్మరానికి ఇది అవమానంగా తోచినా సరే. గేట్లు, కమ్మీలు, ఫర్నిచర్ చేసే ఏ షాపుకైనా వెల్డింగ్ వచ్చినవాడు మొదటి రోజు నుంచే పనికొస్తాడు. మొన సాగగొట్టడం మాత్రమే వచ్చినవాడు పనికిరాడు. కొలత తీయడం, మూలమట్టం కలపడం, వేడికి వంకరపోకుండా ఎటు నుంచి ఎటు అతకాలో తెలియడం, గోడకు బిగించడం ఇవన్నీ అక్కడే వస్తాయి. రేపు సొంత కొలిమి పెట్టినా ఇవి లేకుండా పెద్ద పని ఏదీ బయటికి పోదు.

చిక్కంతా తిరిగి రావడంలో ఉంది. వెల్డింగ్ జీతం కుదిరాక కొలిమి వచ్చే ఏడాదికి, ఆ పై ఏడాదికి వాయిదా పడుతుంది. వెల్డింగ్‌లో చేరిన నెలలోనే వారానికి ఒక పూట కొలిమికని కేటాయించుకోకపోతే, మూడేళ్ల తరవాత మీరు మంచి వెల్డరే అవుతారు, అక్కడితో సరి. ఇంకొకటి, వెల్డింగ్ కన్ను కమ్మరి కన్నును పాడుచేస్తుంది. అతుకు దగ్గర అతికేసి గ్రైండ్ చేసే అలవాటు ముదిరితే, అదే కడ్డీని చీల్చి రెండు కొమ్మలుగా విడదీయొచ్చన్న ఊహ రాదు.

ఫోర్జింగ్ ఫ్యాక్టరీ

ఇక్కడ ఇనుము ఇండక్షన్ కాయిల్‌లోనో ఫర్నేస్‌లోనో 1150 నుంచి 1250 డిగ్రీలకు వేడెక్కి, పై డై, కింది డై (ఆకారం చెక్కిన ఉక్కు అచ్చులు) మధ్య పడి, కొన్ని దెబ్బల్లో క్రాంక్‌షాఫ్ట్‌గానో కనెక్టింగ్ రాడ్‌గానో బయటికొస్తుంది. అంచుల్లో పిండినట్టు బయటికి వచ్చిన రెక్కను ఇంకో ప్రెస్ కోసేస్తుంది. జీతం, సెలవులు, బీమా వరసగా ఉంటాయి. ఫర్నేస్ ఆపరేటర్, హ్యామర్ ఆపరేటర్, డై బిగించేవాళ్లు, హీట్ ట్రీట్‌మెంట్, తనిఖీ, డై తయారీ అని మెట్లుంటాయి. కింది మెట్టుకు ఐటీఐ తరహా చదువు, పై మెట్లకు డిప్లొమా అడుగుతారు.

చేతి కమ్మరం ఇక్కడ రాదు. వస్తుందనుకుని చేరకండి. కానీ వేడి సరిపోనప్పుడు డై మూలలు నిండకపోవడం, ఎక్కువైనప్పుడు రేణువులు పెరిగి ముక్క పెళుసవడం, డై మూల పదునుగా ఉన్నచోట ఇనుము మడతపడి లోపల చీలికగా మిగలడం, ఇవన్నీ వేల ముక్కల మీద చూస్తారు. హీట్ ట్రీట్‌మెంట్ విభాగంలో రెండేళ్లు చేసినవాళ్లకు తెలిసినంత పదును రహస్యం చాలామంది చేతి కమ్మర్లకు తెలియదు. ఫ్యాక్టరీలో చేరేవాళ్లకు ఎంచుకునే వీలుంటే హ్యామర్ కంటే అదే అడగండి. చెవులకు, వీపుకు కూడా అదే మేలు.

విడిగా చూడాల్సిన రెండు దారులు: నాడాలు, కత్తులు

నాడాల పనిని కమ్మరంలో ఒక శాఖగా చూడొద్దు. అది సగం పశువైద్యానికి దగ్గర. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు గుర్రానికి నాడా కొట్టకూడదు, రిజిస్టర్ కావాలంటే ఆమోదం పొందిన గురువు దగ్గర ఏళ్ల తరబడి అప్రెంటిస్‌షిప్, పరీక్ష తప్పవు. అలాంటి చట్టం లేని దేశాలున్నాయి, అక్కడ పొట్టి కోర్సు చేసినవాళ్లు పనిలోకి దిగిపోతారు. మేకు ఒక్క మిల్లీమీటరు లోపలికి పోతే గుర్రం కుంటుతుంది. చట్టం ఉన్నా లేకపోయినా ఇది గురువు దగ్గరే నేర్చుకోవాల్సిన పని. ఆదాయం మాత్రం మిగతా శాఖలకు లేనంత నిలకడ: డెక్క పెరుగుతూనే ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి అదే కస్టమర్ మళ్లీ పిలుస్తాడు. నడుము ఎంతకాలం ఓర్చుకుంటుందన్నదే దీనికి హద్దు.

కత్తుల్లో చట్టం అడ్డురాదు, పోటీయే అడ్డు. ఇక్కడ పేరు కోసం చూసేది అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలు. జర్నీమ్యాన్ (శిష్యుడికి పై మెట్టు) స్థాయికి అభ్యర్థి తాను చేసిన ఒకే కత్తితో నాలుగు పనులు చేసి చూపాలి: వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి, రెండంగుళాలు నాలుగంగుళాల చెక్కను రెండుసార్లు నరకాలి, నరికాక కూడా ఆ అంచుతో చేతి వెంట్రుకలు గీకాలి, చివరికి అదే కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. అంచు గట్టిగా, వీపు మెత్తగా ఉంటేనే ఈ నాలుగూ ఒక కత్తికి సాధ్యం. పరీక్ష ఎప్పటికీ రాయకపోయినా ఇంట్లో ఒక కత్తిని ఇలా పాడుచేసి చూడటం మంచిది.

పదును పెట్టడం నేర్చుకునేటప్పుడు తుక్కులో దొరికిన ఉక్కుతో మొదలుపెట్టకండి. స్ప్రింగు పట్టీ అనుకున్నది వేరే రకం కావచ్చు, లోపల కంటికి కనబడని పగులు ఉండవచ్చు. 1084 లాంటి తెలిసిన ఉక్కు (కార్బన్ సుమారు 0.84 శాతం) కొనండి. దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకో రవ్వ ఎక్కువ, అంటే 815 దరిదాపుల దాకా, అంతా ఒకే రంగు వచ్చేలా వేడిచేసి, గోరువెచ్చని నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే "టింగ్" మని ఒక చిన్న శబ్దం వినిపిస్తుంది, అది పగులు. ఆకురాయి అంచు మీద జారిపోతే గట్టిపడినట్టు. వెంటనే 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు పెట్టాలి, లేకపోతే కింద పడితే గాజులా విరుగుతుంది.

ఎవరికి ఏది

ఇరవై ఏళ్ల లోపు, ఇంటి బరువు లేనివాళ్లు: మంచి కొలిమి దొరికితే శిష్యరికం. దొరకకపోతే దొరికే దాకా వెల్డింగ్. నాసిరకం శిష్యరికం కంటే మంచి వెల్డింగ్ షాపు వంద రెట్లు నయం. బొమ్మలు గీయడం వచ్చి, సొంత డిజైన్లు చేయాలని ఉన్నవాళ్లకు ఫుల్‌టైమ్ కోర్సు పెట్టిన ఖర్చుకు తగ్గట్టే ఉంటుంది, ఆ తరవాత రెండేళ్లు ఎవరి షాపులోనైనా వేగం నేర్చుకునే ఓపిక ఉంటే. నలభై దాటి ఉద్యోగం మానాలనుకునేవాళ్లు ఉద్యోగం మానకుండానే సొంత కొలిమి మొదలుపెట్టాలి. వారానికి ఎనిమిది గంటలు రెండేళ్లు నిలబెట్టుకోగలిగాక అప్పుడు ఆలోచించండి. ప్రతినెలా జీతం తప్పనిసరి అయితే ఫ్యాక్టరీ, కొలిమి ఆదివారానికి.

ఏ దారి ఎంచుకున్నా మొదటి రోజు నుంచీ ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి వస్తువుకూ ఇనుము ఎంత పట్టింది, కాకలు ఎన్ని, కొలిమి నిమిషాలు ఎన్ని, గ్రైండింగ్, రంగు, ప్యాకింగ్ నిమిషాలు ఎన్ని. 12 మి.మీ. చదరపు కడ్డీ మీటరుకు సుమారు 1.13 కిలోలు తూగుతుంది, కాబట్టి ఇనుము లెక్క క్షణంలో వస్తుంది. దెబ్బతీసేది సమయం లెక్క. కొలిమి దగ్గర పది నిమిషాల్లో చేసిన కొక్కేనికి పొలుసు (కాలిన ఇనుము మీద పేరుకునే పొర) గీకడం, మైనం పట్టించడం, ఫొటో తీయడం, కస్టమరుతో మాట్లాడటం కలిపితే అరగంట దాటుతుంది. పది నిమిషాల ధరకు అమ్మినన్నాళ్లూ ఎన్ని ఆర్డర్లొచ్చినా చేతిలో ఏమీ మిగలదు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఫీజు కట్టేముందు, ఉద్యోగం మానేముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. 8 మి.మీ. గుండ్రటి కడ్డీ 6 మీటర్లు, సుమారు 2.4 కిలోలు. దాన్ని 200 మి.మీ. చొప్పున 30 ముక్కలు కోయండి. ఏదో ఒక కొలిమిలో గంటల లెక్కన చోటు అడిగి, ఒకసారి చూపించమని, 30 ఎస్ ఆకారపు కొక్కేలు చేయండి. రెండు కొనలూ మొనలు, రెండు చుట్టలూ ఒకే కొలత. ఒక్కరోజులో అవ్వకపోతే రెండో రోజు కూడా వెళ్లండి. పన్నెండో కొక్కెం దగ్గర విసుగొస్తుంది, అందరికీ వస్తుంది. ఇరవై దాటాక కొలతలు దగ్గరపడుతున్నాయేమో ఒక మేకుకు వరసగా తగిలించి చూడండి. ముప్పయ్యోది అయ్యాక మొదటిదాన్ని మళ్లీ మంటలో పెట్టి సరిచేయాలనిపిస్తే, పైన చెప్పిన దారుల్లో మీకు దగ్గరగా ఉన్నదానికి వెళ్లి అడగండి.